పెద్ద బండ అవతల

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం దోర్కా గేటు తీసిందంటే, నాచారంలోని ఆ గల్లీలో ఎవరి సామాను వాళ్లు సర్దుకునేవాళ్లు. శాంతాబాయి నీళ్ల బిందెలు అరుగు మీదికి ఎత్తేది. ఎదురింటాయన తన బండిని గోడ వైపు జరిపేవాడు. దోర్కా కాలు పెట్టిన చోటల్లా సిమెంటు రోడ్డు పోయి ఎర్రమట్టి తొవ్వ తేలేది. మోకాలెత్తు రాళ్లు, బురద గుంటలు, అటూ ఇటూ తుమ్మకంప. ఆమె దాటిపోయాక మళ్లీ సిమెంటే.

"పైలం అక్కా, ఇయ్యాల బురద ఎక్కువున్నది," అనేది శాంతాబాయి.

అది అన్నోజిగూడ వెనకాల వాళ్ల ప్లాటుకు పోయే తొవ్వ. నిరుడు వానాకాలంలో ఇంటి పునాదికి ముగ్గు పోయిద్దామని దోర్కా, ఆమె మొగుడు ఏలియా కలిసి అక్కడికి వెళ్లారు. బోరు దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్స్ వచ్చింది గానీ, సగం తొవ్వలో పెద్ద బండ దగ్గర ఆగిపోయింది. దోర్కా అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కింద సైరన్ మోగుతూనే ఉంది. "బండొచ్చిందా?" అని ఏలియా అడుగుతూనే ఉన్నాడు. స్ట్రెచర్ పట్టుకుని మనుషులు ఎక్కి వచ్చేసరికి అడగడం ఆపేశాడు.

సమాధి చేసి ఇంటికొచ్చిన రోజు నుంచి ఆ తొవ్వ ఆమె కాళ్ల కింద ఉండిపోయింది. ఎంత నడిచినా పెద్ద బండ దాకానే వచ్చేది, దాని అవతలి తొవ్వ ఎన్నడూ రాలేదు. బడికి పోతే రెండో తరగతిలో బల్లలు ఒరిగిపోయాయి. పిల్లలు గులకరాళ్లు ఏరుకుని సంబరపడ్డారు గానీ, దోర్కాయే పంతులమ్మ పని మానుకుంది. స్కూటీ ఎక్కినా కారు ఎక్కినా చక్రాల కింద అవే రాళ్లు. చర్చికి పోవాలన్నా కూతురు నిస్సీ చెయ్యి పట్టుకోవాల్సిందే. నిస్సీకి పుణెలో ఉద్యోగం వచ్చింది. వస్తాను, వస్తాను అని కంపెనీవాళ్లకు చెబుతూ తల్లిని విడిచి కదల్లేకపోయింది.

"గీ తొవ్వకు పనికొచ్చే బండే కొందాం మమ్మీ," అంది ఒకనాడు. "ఏటీవీ అంటరు. లావు చక్రాలు, గుట్టలు గూడ ఎక్కుతది. నువ్వే నడుపుకోవచ్చు."

ఉప్పల్‌లో మెట్రో లైను పక్క సందులో ఉంది షోరూం. అక్కడ పనిచేసే వంశీకృష్ణది కాకినాడ వైపు. చేతులు పట్టుకుని నడిచొచ్చిన తల్లీకూతుళ్లను మర్యాదగా కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు.

"ముందే చెబుతున్నానండి, వీటిని రోడ్డు మీద నడపకూడదు. పొలాలకీ, తోటలకీ మాత్రమే."

"నాకు రోడ్డు ఏడున్నది బాబూ," అంది దోర్కా.

అతను ఆమె చెప్పుల కింద పగిలిన టైల్స్ వంకా, వాటి మధ్య నుంచి లేస్తున్న రాళ్ల వంకా చూశాడు. "అయితే మీకు కాస్త ఎత్తైన బండి కావాలండి," అన్నాడు.

వెనకాల ఖాళీ జాగాలో నడిపి చూడమన్నాడు. మొదటిది ఎర్రది, చిన్నది. కొంచెం పోగానే దాని పొట్ట రాయికి తగిలి కూర్చుంది. రెండోది ఎత్తుగానే ఉంది గానీ వెనక చక్రాలే తిరుగుతాయి, బురదలో గిర్రున తిరిగి దిగబడింది. మూడోది ఆకుపచ్చది, వెనక ఇంకొకరు కూర్చునేలా పొడుగు సీటు.

"దీనికి నాలుగు చక్రాలూ లాగుతాయండి. ఈ యాక్సిలరేటర్‌ని బొటనవేలితో మెల్లగా నొక్కండి, చాలు."

బండి తాబేలులా రాళ్లు పట్టుకుని ఎక్కసాగింది. పెద్ద బండ వచ్చింది. దోర్కా కళ్లు మూసుకుని నొక్కింది. ముందు చక్రాలు ఆకాశంలోకి లేచి, ధన్‌మని అవతల పడ్డాయి.

అవతల సన్నగా వాన పడుతోంది. బోరు పైపుకు ఆనుకుని ఏలియా కూర్చున్నాడు, తెల్ల చొక్కా నిండా మట్టి.

"బండొచ్చిందా?"

"వచ్చింది. ఎక్కు."

అతను లేచి వెనక కూర్చుని ఆమె నడుము పట్టుకున్నాడు. అతని బరువుకు బండి కొంచెం దిగింది.

"నొస్తున్నదా?" అంది దోర్కా.

"ఇప్పుడు లేదు. ఇల్లు మొదలు పెట్టినవా?"

"లేదు."

"పిల్ల మంచిగున్నదా?"

"పుణెల నౌకరొచ్చింది. నన్ను ఇడిసి పోతలేదు."

దోర్కా బండిని వచ్చిన తొవ్వకు మళ్లించింది. ఆమె ఎంత మెల్లగా తోలగలదో అంత మెల్లగా తోలింది. పెద్ద బండ కనబడగానే ఇంజను ఆపేసింది.

"గిక్కడ్నే ఉందాం," అంది.

"ఇన్ని దినాలు ఉన్నం గద దోర్కా," అన్నాడు ఏలియా. "నడువు."

బండ దిగారు. దూరంగా లారీల హారన్లు వినబడ్డాయి. నడుము చుట్టూ పట్టు సడలుతూ వచ్చింది. ఆమె వెనక్కి తిరగలేదు.

వంశీకృష్ణ వెనక సీటు మీది వాన నీళ్లు గుడ్డతో తుడిచి, "ఇది తీసుకుంటారా అండి?" అన్నాడు.

దోర్కా దిగింది. కాలి కింద కాంక్రీటు. కాలెత్తి మళ్లీ పెట్టింది, గట్టిగా తన్నింది. కాంక్రీటే. ఒక్క రాయి లేదు. అక్కడే చతికిలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. నిస్సీ పక్కన కూర్చుని తల్లి వీపు నిమురుతూ ఉండిపోయింది.

"మస్తు మంచి బండి బాబూ," అంది చివరికి దోర్కా. "నిరుడు ఉంటే బాగుండు."

బండి కొనకుండానే ఇద్దరూ నున్నటి తారు రోడ్డు మీదికి నడిచి వచ్చారు. నాచారం పోయే ఆటో ఆగింది.

"ఎంతమంది అమ్మా?" అన్నాడు డ్రైవరు.

దోర్కా నోరు తెరిచి, కొంచెం ఆగింది.

"ఇద్దరమే," అంది.