ఎముక ఎవరి మెడలో

రుజువు లేనిదే దేన్నీ నమ్మవద్దని నలభై ఏళ్లు జాక్‌మెల్ బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, నా నవల తొలి అచ్చుప్రతిలో ఈ ఒక్క పుట కింద సరేనని సంతకం చేయడానికి చెయ్యి ఎందుకు రావడం లేదు, రాజధాని పోర్టో ప్రిన్స్ వెళ్లే బస్సు అప్పుడే మొదటి హారన్ కొట్టింది, మూడోదానికి కదిలిపోతుంది, ఈ కట్ట అందులో వెళ్తే తప్ప ప్యారిస్ టపాకు అందదు, పుస్తకం మొత్తంలో గొప్ప పుట ఇదేనని అక్కడి ప్రచురణకర్త రాసింది కూడా, ఎదురుగా అక్క మెసిల్యా సీమపనసకాయ చెక్కు తీస్తూ, ఏంట్రా ఆంతెనోర్, నా గురించి రాశానంటివి, ఏదీ, చదువు, నేను చచ్చాక చదువుతావా అంది, చదివాను, ఫ్రెంచిలో, ఆమెకు తెలిసింది తన పేరొక్కటే, అది వినబడ్డప్పుడల్లా తల ఊపి, అబ్బో, దొరసాని పేరులా ఉందే అని నవ్వింది.

ఆవు ఎముక, తాడుకు కట్టిన బెత్తెడు ఎముక, ఫ్రెంచి తప్ప వినబడకూడని మా చిన్ననాటి బళ్లో, ఇంట్లో మాట్లాడుకునే క్రియోల్ మాట దొర్లినవాడి మెడలో వేసేవారు, వాడు మరొకణ్ణి పట్టిచ్చి వదిలించుకోవాలి, సాయంత్రం గంటకు ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు, ఆ రోజు నా మెడలో ఉంది, అక్క వచ్చి ఎదురుగా నిలబడి, కావాలనే, అందరూ వినేట్టు, తమ్ముడూ ఆకలేస్తోందిరా అంది క్రియోల్‌లో, నేను వేలు చూపించాను, ఎంత త్వరగా చూపించానో, ఆ దెబ్బలకు వంకరపోయిన ఆమె వేలు ఇప్పటికీ కత్తి పిడి మీద సరిగా ఆనదు, మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు, నేను పంతుల్నయ్యాను, నవలలో మాత్రం ఎముక అక్క మెడలో ఉంటుంది, ఆకలేస్తోందని ముందుకొచ్చేది తమ్ముడు, ఇది కల్పన, వాఙ్మూలం కాదు అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నాను, రెండో హారన్.

ఎముక సంగతి రాశావా అంది అక్క కత్తి ఆపకుండానే, రాశాను అన్నాను, మరి నేను ఏడవలేదని రాశావా, పంతులు తన చెయ్యి నొప్పెట్టి ఆపాడు గానీ నేను ఏడిస్తే కాదు, అది లేకపోతే నీ పుస్తకం పొయ్యిలోకి కూడా పనికిరాదురా అని నవ్వింది, ఆ నవ్వులో అనుమానమే లేదు, భరించలేనిది అదే, దొరల భాషలోనే దొరలను నిలదీశానని మెప్పు పొందినవాణ్ణి, ఉన్న ఒక్క సాక్షికి అర్థం కాని భాషలో సాక్ష్యాన్ని తారుమారు చేశాను, మూడో హారన్, కలానికి మూత పెట్టాను, అక్కా, నేను రాసింది అలా కాదు అన్నాను, క్రియోల్‌లో, బస్సు చప్పుడు మలుపు దాటిపోయింది, అక్క కత్తి ఆగింది, ఇన్నేళ్లూ ఆ ఎముక ఆమె మెడలోనే ఉంది, వేలు చూపిస్తున్నవాణ్ణి ఇంకా నేనే.