లక్ష్మవ్వ పేరు నొక్కితే

లక్ష్మవ్వకు చదువు రాదని ముంబై కామాటిపురలో అందరికీ తెలుసు. బస్సు మీద ఏం రాసుందో పక్కవాళ్లను అడుగుతుంది. బ్యాంకువాళ్లు సిరా డబ్బా ముందుకు తోస్తే బొటనవేలు ముంచుతుంది. పాలమూరు పల్లెలో ఐదో తరగతి దాకా తెలుగు చదివిందనీ, వాచకం గడగడా అప్పజెప్పేదనీ చెప్పడానికి ఇప్పుడు సాక్షులెవరూ మిగల్లేదు. పెళ్లయి ముంబై వచ్చేసరికి ఊరంతా మరాఠీ రాతలు, హిందీ రాతలు, ఇంగ్లీషు రాతలు. ఎవరో మొదటిసారి "అన్‌పఢ్", చదువురానిది, అన్నప్పుడు కాదని చెప్పబోయింది గానీ ఆ భాషలో మాటలు తెలియలేదు. పోను పోను తనకూ అదే నిజమనిపించింది.

ఆ ఆదివారం మనవరాలు సపనకు అన్నం డబ్బా ఇద్దామని తాముండే ఇరుకు గదుల మేడ, ఆ చాలీ కింద ఉన్న తెలుగు మండలి గదికి వెళ్లింది. గుమ్మం ముందు నాగ్‌పాడా భంగార్‌వాలా బండి అడ్డంగా పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. పాత ఇనుము కొనేవాడు అంత తీరిగ్గా కూర్చున్నాడంటే లోపల ఏదో కొన ఊపిరితో ఉన్నట్టే.

మండలికి మూడు పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో ఉన్న విండోస్‌కు కాలం చెల్లింది. కొత్తదేమో ఆ ముసలి మిషన్ల మీద ఎక్కనంది. అమ్మేద్దామన్నాడు మండలి పెద్ద గంగారాం. ఫాక్‌లాండ్ రోడ్డులో మొబైళ్లు బాగుచేసే సపన అడ్డం పడింది. "కాకా, లైనక్స్ ఎక్కిస్త, పాత మిషన్ల మీద గూడ నడుస్తది, పైసా ఖర్చు లేదు. గల్లీల ఆడోళ్లకు, పోరిలకు నేనే నేర్పిస్త," అంది. సరే, ఆదివారం అందరి ముందూ నడిపించు, నడిస్తే గది నీది, లేకుంటే బండి ఎక్కుతాయన్నాడు ఆయన. ఆ పిల్లకు ఆ క్లాసు మీద ఎంత ఆశో లక్ష్మవ్వకు తెలుసు. నిద్రలో కూడా అదే కలవరిస్తోంది.

శనివారం రాత్రి సపన మూడింటిలోనూ లైనక్స్ ఎక్కించింది. ఏ భాష కావాలని మిషను అడిగినప్పుడు, వరసలో ఒక మాట దగ్గర వేలు ఆగింది. మండలి బోర్డు మీద చిన్నప్పటి నుంచి చూస్తున్న 'తెలుగు' అనే మాట. మన మండలి, మన తెలుగు అని మురిసిపోయి నొక్కేసింది. ఆ ఒక్క మాట ఆకారం తప్ప సపనకు తెలుగులో మరో అక్షరం తెలియదు. చదివింది మరాఠీ బడిలో.

ఇంకేముంది, తెల్లారేసరికి మూడు మిషన్లూ నఖశిఖపర్యంతం తెలుగైపోయాయి. పైగా చూపించాల్సిన పాఠం తెర మీద ఆడుతోంది గానీ శబ్దం రావడం లేదు. సరిచేద్దామంటే ఏ మాట వెనక ఏముందో అంతుపట్టదు. అనువాదం చేస్తుందేమోనని ఫోను కెమెరా పెడితే తెర మీద చారలు కొట్టి అర్థంలేని మాటలు చూపించింది. తెలుగు మండలి అధ్యక్షుడు గంగారాం కళ్లజోడు పెట్టుకుని తెర వంక చాలాసేపు చూశాడు.

"అచ్చరాలు మరీ చిన్నగున్నయ్," అని కళ్లజోడు తీసేశాడు. అక్షరాలు ఒక్కోటీ చింతగింజంత ఉన్నాయి.

చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. సపన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. లక్ష్మవ్వ డబ్బా బల్ల మీద పెట్టి, యథాలాపంగా తెర వంక చూసింది.

అమరికలు.

చదవాలనుకుని చదివింది కాదు. కన్ను పడింది, మాట లోపల పలికింది. లక్ష్మవ్వ తెరకు దగ్గరగా వంగింది. పక్కన దస్త్రాలు. ఆ కింద చెత్తబుట్ట. ఇన్నేళ్లూ ఈ ఊళ్లో ప్రతి గోడా ఆమెను కాదని ఎవరితోనో మాట్లాడింది. ఈ గాజుపలక మాత్రం సూటిగా ఆమెతోనే మాట్లాడుతోంది.

"దీన్ల గూడ చెత్తబుట్ట ఉన్నదా?" అంది నవ్వొచ్చి.

సపన గిరుక్కున తిరిగింది. "ఏమన్నవ్ అవ్వా?"

"గదే, గీడ రాసున్నది గద. చెత్తబుట్ట."

"నీకు సదువొస్తదా?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. చెట్టుకే ఆ సంగతి మరుపొస్తే ఇక చెప్పేదేముంది. "అయిదు దాన్క సదివిన. మీరెవ్వరు అడగలే," అంది లక్ష్మవ్వ తప్పుచేసినదానిలా.

సపన లేచి అవ్వను కుర్చీలో కూర్చోబెట్టింది. ఏది తెరిస్తే ఏం జరుగుతుందో మనవరాలికి తెలుసు, ఏది ఎక్కడుందో అవ్వ చదువుతుంది. అమరికలు, అంటే సెట్టింగులు, తెరిచారు. 'శబ్దం' దగ్గర అవ్వ వేలు పెట్టింది. లోపల శబ్దం ఎటు పోవాలో చెప్పే రెండు పేర్లున్నాయి. శబ్దమంతా స్పీకర్లు లేని తెరకు పోతోందని సపనకు అర్థమైంది. రెండో పేరు నొక్కింది. పాఠం చెప్పే అమ్మాయి గొంతు ఒక్కసారిగా గది నిండా మోగింది. చాపల మీద చప్పట్లు లేచాయి. భంగార్‌వాలా తొంగిచూసి బీడీ ఆర్పాడు.

"ఖాలీ పీలీ టైమ్ గయా," అని దండగైన పొద్దుకు గొణుక్కుంటూ బండి తోసుకుపోయాడు.

"ఇగ దీన్ని మరాఠీల పెట్టు బిడ్డా. పోరిలకు సమజ్ గావద్దా," అన్నాడు గంగారాం.

న్యాయమే. 'భాష' అనే మాట కూడా లక్ష్మవ్వే వెతికిపెట్టింది. సపన నొక్కింది. మూడు తెరలూ ఒకదాని తర్వాత ఒకటి నల్లబడి మళ్లీ వెలిగాయి. అమరికలు లేవు, దస్త్రాలు లేవు. లక్ష్మవ్వ మళ్లీ చదువు రాని మనిషైపోయింది. గట్టిగా ఒక పూట కూడా లేదు ఆ భాగ్యం. కుర్చీలోంచి లేచింది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తనకంటూ ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. "సపనా, ఒక్కదాన్ల తెలుగు అట్లనే ఉంచరాదు? నేను ఊకె చూసి పోత," అంది.

సపన అవ్వ ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. "చూసి పోవుడెందుకు? దీన్ల ఎంతమందికైన జాగ ఉంటది. ఎవరి పేరు వాళ్లకు, ఎవరి భాష వాళ్లకు. నీ పేరు నువ్వే రాయి."

తెర మీద తెలుగు అక్షరాల పలక తెప్పించింది. లక్ష్మవ్వ ల వెతికింది, క వెతికింది. వత్తు దగ్గర చిక్కుకుంటే, మరాఠీలో లాగే నడుమ హలంత్, అంటే పొల్లు, కొట్టమంది సపన. చివరికి పేరు నిలిచింది. లక్ష్మవ్వ. ఆ పేరు నొక్కితే మిషనంతా తెలుగు. సపన పేరు నొక్కితే మరాఠీ. పగటిపాళీవాడు లేవగానే రాత్రిపాళీవాడు నడుం వాల్చే కూలీల ఇరుకు గది, ఖోలీలా, ఒక్క పెట్టెలో ఇందరు ఇమిడిపోయారు. లక్ష్మవ్వ ముక్కున వేలేసుకుంది.

"ఇవన్ని తెలుగుల రాసిందెవరు బిడ్డా?"

"ఎవరో అవ్వా. పేర్లు గూడ మనకెరుక లేదు. బగ్గమంది జీతం లేకుంటనే రాసిన్రంట."

తన పెనిమిటి కూడా పేరు లేకుండానే ఈ ఊళ్లో ఎన్ని గోడలు కట్టాడో. ఎవరో, ఎక్కడో కూర్చుని, చెత్తబుట్టతో సహా ఒక్కో మాటా పేర్చి, ఏదో ఒకనాడు లక్ష్మవ్వ వస్తుందని ఉంచారు. ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

"సంకేతపదం అంటున్నది," అంది తెర చదివి.

"అంటే తాళంచెవి లాంటిది. అంకెలైనా సరే. నీ ఒక్కదానికే ఎరుక ఉండాలె. నాకు గూడ చెప్పకు."

లక్ష్మవ్వ ఆలోచనలో పడింది. పదడుగుల ఖోలీలో తన దగ్గు పక్కింటికి తెలుసు, ట్రంకుపెట్టె చెవి ఎక్కడుంటుందో పసివాళ్లకూ తెలుసు, ఏడుపు నీళ్ల కుళాయి దగ్గర అందరికీ తెలుసు. తన ఒక్కదానికే తెలిసింది ఏముంది? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ముడతల ముఖం విప్పారింది.

"అటు తిరుగు. గంగారామూ, నువ్వు గూడ."

ఇద్దరూ గోడవైపు తిరిగారు. ఆమె కొట్టింది.

"నేను అంకెలు గొడ్తే చుక్కలొస్తున్నయేందే?"

"గంతే అవ్వా. ఎవరికి కనపడొద్దనే."

ఏ అంకెలు కొట్టిందో ఈ కథ చెబుతున్నవారికి కూడా తెలియదు. తెర తెరుచుకుంది. గోడ వంక చూస్తూ నిలబడి నిలబడి సపనకు మెడ పట్టేసింది.

"ఇగ తిరగాల్నా అవ్వా?"

"ఆగు బిడ్డా," అంది లక్ష్మవ్వ. "సదువుకుంటున్న."