నలభై అడుగుల మీద నాన్న

శనివారం పొద్దున్నే ఏడుకొండలు భీమరాజుగారి తోటలో దింపుకి చెట్టెక్కాడు. అరవయ్యేళ్ళు దగ్గర పడుతున్నా రాజోలు చుట్టుపక్కల కొబ్బరి దింపు తీయాలంటే ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. నడుముకి తాడు మాత్రం కట్టుకోడు. ఆ అవసరం ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ కలగలేదు మరి. కూతురు వీరవేణి పుట్టినప్పటినుంచీ వాళ్ళ చేతుల్లోంచి జారినదేదీ నేల తాకేది కాదు. కాయైనా కంచమైనా, వేణి కిందికొచ్చి చేతులు చాపేదాకా గాల్లోనే ఆగేది. మహా అయితే రెండు రోజులు, ఆ తర్వాత పడిపోయేది. ఇంకెవరు ముట్టుకున్నా దభీమని పడేది. వేణి పట్టుకున్నప్పుడు మాత్రం, ఎంత ఎత్తునుంచి పడిందో ఆ దెబ్బంతా ఆమె అరచేతులకి తగిలేది. కాయలు పట్టీ పట్టీ రాటుదేలిన ఆ చేతులే ఆమెను గోల్‌కీపర్‌ని చేసి హైదరాబాద్‌లో ఒక క్లబ్బుకి పంపాయి.

మైదానంలో బంతి ఎవరికోసమూ ఆగదు. వేణికిప్పుడు ముప్ఫై ఒకటి. మోకాలు మొరాయిస్తోంది. ఈ సీజన్‌లో పదిహేడు గోల్స్ వదిలింది. బెంచీ మీద పంతొమ్మిదేళ్ళ పిల్లొకతి గ్లోవ్స్ తొడుక్కుని మరీ కూర్చుంటోంది. ఆదివారం మ్యాచ్‌లో ఒక్క గోలు పోయినా కాంట్రాక్టు లేనట్టే. ఆట తప్ప ఇంకో పని తెలియని మనిషి. వారం రోజులుగా భయంతో అన్నం సహించడం లేదు.

అలాంటప్పుడు తల్లి మాణిక్యం ఫోను చేసింది.

"మీ నాన్న జారిపోయేడే! నలభై అడుగుల మీద ఆగేడు."

ఇంతవరకూ మనిషెవరూ పడలేదు. కొబ్బరికాయకే చేతులు వాచేవి. అంత ఎత్తునుంచి మనిషి పడితే ఆ చేతులేమవుతాయో ఒకరు చెప్పక్కర్లేదు.

వెనకనుంచి ఏడుకొండలు అరుస్తున్నాడు. "రావొద్దని చెప్పు! చేతులు పోతాయి దానికి! నేను బతికింది చాలు!"

"నువ్వు కదలకు నాన్నా!" ఫోన్లోంచే గట్టిగా అరిచింది వేణి. "రేపు ఆడేసి, ఎల్లుండి పొద్దున్నకి వచ్చేస్తాను."

ఫోను పెట్టేశాక తనని తాను తిట్టుకుంది. తండ్రిని గాల్లో ఉంచి ఆటాడే కూతురుంటుందా? కానీ అదే ఆఖరి ఆట. ఆ ఒక్కటీ వదులుకోలేకపోయింది.

ఆదివారం పిచ్చిపట్టినదానిలా ఆడింది. ఎనభయ్యో నిమిషంలో పెనాల్టీని ఎడమవైపుకి దూకి వేలికొసలతో బయటికి నెట్టింది. ఒక్క గోలూ పోలేదు. కోచ్ సత్యప్రియ మేడం పరుగెత్తుకుంటూ వచ్చి కావలించుకుంది.

"ఇంకో రెండేళ్ళు నువ్వే! రేపు ఆఫీసుకొచ్చి సంతకం పెట్టు."

"రేపటికి సంతకం పెట్టే చెయ్యి ఉండదు మేడం," అని సంగతి చెప్పింది వేణి.

మేడం చాలాసేపు ఆ చేతులు వదల్లేదు. "రైలెన్నింటికి?" అని మాత్రం అడిగింది.

సోమవారం పొద్దున్న నరసాపురంలో దిగి, ఆటోలో చించినాడ వంతెన దాటి తోటకి చేరింది. చెట్టు కింద జనం గడ్డి పరిచి, దుప్పట్లు చాపి పట్టుకుని నిలబడ్డారు. పైన ఏడుకొండలు పెదాలెండిపోయి, సన్నగా వణుకుతున్నాడు.

"పరుపులు కూడా వేయిస్తానమ్మా, మీరు పక్కకొచ్చేయండి," అన్నారు భీమరాజుగారు.

"ఆ ఎత్తుకి పరుపులు ఆగవండి."

"పోవే అమ్మా, నీకు దణ్ణం పెడతాను!" పైనుంచి తండ్రి ఏడుస్తున్నాడు.

వేణి గ్లోవ్స్ తొడుక్కుంది. బంతి నాది, అందరూ తప్పుకోండి అని చెప్పడానికి గోల్‌కీపర్లు వేసే కేక ఒకటుంది. గుండెల నిండా గాలి పీల్చుకుని ఆ కేక వేసింది.

"కీపర్!"

జనం తప్పుకున్నారు. ఆమె చేతులు చాపింది.

ఏడుకొండలుకి మోచెయ్యి గీరుకుంది, అంతే. వేణి రెండు చేతులూ మణికట్ల దగ్గర్నుంచి భుజాలదాకా విరిగిపోయాయి. అమలాపురం ఆసుపత్రికి వెళ్తుంటే కారులో తండ్రి వెక్కివెక్కి ఏడుస్తూ కూతురి మొహం చూడలేకపోయాడు. ఆమె కళ్ళూ ధారలు కడుతూనే ఉన్నాయి.

"ముందు నీ కళ్ళు తుడుచుకో నాన్నా," అంది. "తర్వాత నావి తుడుద్దువుగాని."