హనుమంతయ్య నంబరుకు చేరింది

కంప్యూటరుకు బుద్ధి లేదు, మొండితనం మాత్రం ఉంది, చెప్పింది చెప్పినట్టే చేసి పారేస్తుంది అనేవాడు సుధీర్. నెల్లూరు వైపు నుంచి హోసూరు కంపెనీలో ఉద్యోగానికి వచ్చి, సాయంత్రాలు పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పేవాడాయన. ఆయన దగ్గరే నేర్చుకున్న రంజిత ఆ మాటను నోటుబుక్కు మొదటి పేజీలో అందంగా రాసుకుంది. రాసుకున్నంత మాత్రాన తలకెక్కాలని ఎక్కడుంది!

రంజిత డెంకణికోట బస్టాండు పక్కన జెరాక్సు అంగట్లో పనిచేసేది. రెండువేల ఎనిమిదిలో ఆ చుట్టుపక్కల ఏనుగుల బెడద మరీ ఎక్కువైంది. అడవి అంచునున్న ఒక పల్లెలో అడవి కావలి నాగేశప్ప మంద కనబడగానే ఒక్కో ఇంటికీ ఫోన్ చేసేవాడు. పాపం, ఆయన నాలుగో ఇంటికి చేసేలోపే అవి పదో ఇంటి రాగిచేను మేసి తేన్చేవి. అది చూసి రంజితే ఒక ప్రోగ్రాము రాసింది. నాగేశప్ప ఆమెకొక్కతెకు చెబితే చాలు, ఆమె ఒక మీట నొక్కితే ఆ పల్లెలో ఇరవైరెండు ఇళ్ళ సెల్‌ఫోన్లకూ మెసేజి పోతుంది. చదువు రానివాళ్ళు చదవక్కరలేదు. సాయంత్రం పూట ఫోన్ టింగుమంటే ఏనుగు దిగినట్టే లెక్క.

అందులో పెద్ద విద్యేమీ లేదు. అర్రే అంటే వరసగా పెట్టిన డబ్బాలు, డబ్బాకొక ఫోను నంబరు. లూపు అంటే ఆ డబ్బాలను ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ పోవడం. తిరకాసు ఒక్కటే. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, కంప్యూటరు సున్నా నుంచి మొదలుపెడుతుంది.

నంబర్లు రాసుకోవడానికి పల్లెకు పోయినప్పుడు, అడవి కంచెకు ఆనుకుని చేను ఉన్న హనుమంతయ్య అనే మేకల పెద్దాయన, ముందు నాదే రాయమ్మా, అది దిగితే మొదట నా ఇంటికే దిగుతుంది అన్నాడు. సరేనంది గానీ, సున్నా డబ్బాలో బతికున్న మనిషి పేరు పెట్టడానికి రంజితకు చేయి రాలేదు. సున్నా అంటే ఏమీ లేకపోవడం కదా, అదేం శకునం? వాళ్ళ ఇంట్లో అంగడి సరుకుల చీటీ రాసినా పైన ‘శ్రీ’ అని పెట్టందే కలం ముందుకు సాగదు. అలాగే సున్నా డబ్బాలో ‘శ్రీ’ పెట్టింది, ఒకటో డబ్బాలో హనుమంతయ్యను పెట్టింది, లూపును ఒకటి నుంచి మొదలుపెట్టింది. దేవుడికి మెసేజి ఎందుకు! ఎనిమిది నెలలు ఒక్క ఇంటికీ తప్పలేదు.

ఒకనాడు సుధీర్ ఏదో పనిమీద అంగడికి వచ్చి ఆ ప్రోగ్రాము చూశాడు. చూసి, లోపల పూజగది కూడా కట్టావే అని పకపకా నవ్వాడు. రంజితకు తల కొట్టేసినట్టైంది. ఆయన ఎదుటే ‘శ్రీ’ ఉన్న వరసను చెరిపేసింది. చెరిపితే ఏమవుతుంది? పేర్లన్నీ ఒక్కో డబ్బా ముందుకు జరుగుతాయి. హనుమంతయ్య జరిగి సున్నాలో పడ్డాడు. లూపు మాత్రం ఒకటి నుంచే మొదలవుతూ ఉంది. నేర్పినవాడూ గమనించలేదు, నేర్చుకున్నదీ గమనించలేదు. ఆయన టీ తాగి హోసూరు బస్సెక్కాడు.

నాలుగో రోజు పొద్దుగూకే వేళ నాగేశప్ప ఫోన్ చేశాడు. రంజిత మీట నొక్కింది. తెర మీద ‘చేరింది, చేరింది’ అని వరసగా పడింది. ఇరవైరెండు ఉండాల్సినవి ఇరవైఒకటే ఉన్నాయని ఎవరు లెక్కపెట్టుకుంటారు? ఆ సమయానికి హనుమంతయ్య కంచె దగ్గర మేకలను మళ్ళిస్తున్నాడు. దీపాలు పెట్టేలోపే కబురు వచ్చింది. ఏనుగు తొక్కేసిందట, మనిషి దక్కలేదట.

మర్నాడు పొద్దున్నే ప్రోగ్రాము తెరిచి చూసిన రంజితకు సున్నాలో పడ్డ హనుమంతయ్య పేరు కనబడింది. ఒకటి అని ఉన్నచోట సున్నా అని దిద్దింది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు శాంతి లేదు. హనుమంతయ్య పేరు తీసేద్దామంటే, ఇంకొక వరస చెరపాలంటేనే భయం. అందుకని ఆ పేరు అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత మొదటిసారి మీట నొక్కినప్పుడు తెర మీద అన్నిటికంటే పైన ‘హనుమంతయ్య: చేరింది’ అని పడింది. రంజిత కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరికి చేరింది? ఆయన మొలలో ఫోను కూడా ఆయనతోనే నుగ్గై ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ. మరుసటి వారం కూడా చేరింది. ఆ తర్వాతా చేరింది. చనిపోయిన మనిషి ఎక్కడో కూర్చుని మెసేజి అందుకుంటున్నాడు. బస్సులో మొదటి సీటు ఖాళీగా ఉన్నా ఆమె నిలబడే ప్రయాణం చేసేది. అంగట్లో కాగితాలు లెక్కపెడితే మొదటిదాని దగ్గరే ఆగిపోయి, మళ్ళీ మళ్ళీ వెనక్కి పోయి చూసేది. మింగలేదు, కక్కలేదు.

ఆరు నెలలకు అసలు సంగతి నాగేశప్ప నోటనే తెలిసింది. ఫోను హనుమంతయ్య మొలలో లేదట, ఇంటి గూట్లోనే ఉండేదట. టింగుమంటే భార్య దొడ్డమ్మ బయటికి వచ్చి పళ్ళెం మోగించి ఆయన్ను పిలిచేదట. ఆ పొద్దు తిరగలిలో రాగులు విసురుతూ వినిపించుకోలేదని ఊరంతా అంటున్నదట. కొడుకు మునిరాజు తల్లితో మాటలు మానేశాడట. ఆమె కూడా, అవునప్పా, నా చెవులే ఆయన్ను చంపినాయి అంటోందట.

ఆ మాట విన్న రోజే పరుగెత్తిపోవాలా వద్దా? పోలేదు. పెళ్ళి కావలసిన పిల్లను, ఊరు నన్నేమంటుంది అనుకుంది. రేపు పోదామనుకుంది. అలా ఇంకో నాలుగు నెలలు గడిపేసింది. చెడ్డపిల్ల కాదు, భయస్థురాలు. కానీ భయస్థులు చేసే కీడు కూడా కీడే కదా!

ఒక సాయంత్రం మీట నొక్కితే పైవరసలో ‘చేరలేదు’ అని పడింది. పది నెలల్లో మొదటిసారి. ముసలమ్మకేమైందో! మర్నాడు పొద్దున మొదటి బస్సుకే పల్లెకు పోయింది.

ఆ ఇంట్లో చప్పుడన్నది లేదు. మేకల మెడగంటల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. తిరగలి వాకిట్లో, ఎండకూ వానకూ పడి ఉంది. దొడ్డమ్మ ఆరిపోయిన ఫోనును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుని ఉంది. రంజితను చూడగానే లేచి వచ్చి, గుసగుసగా మాట్లాడింది.

“ఫోన్ల పిల్లవి కదమ్మా నువ్వు? నిన్నట్నుంచి వెలగడం లేదు. దీన్ని చూడమ్మా. టింగుమంటే ఈసారి వినాలని ఇంట్లో చప్పుడే లేకుండా చేసుకున్నాను.”

రంజిత ఆ మనిషి కాళ్ళ దగ్గర కూలబడింది.

“అవ్వా, ఆ పొద్దు అది మోగలేదు. నీ చెవుల తప్పు కాదు. నేను తప్పు రాసినాను. అందరికీ పోయింది, మీకొక్కరికే పోలేదు.”

దొడ్డమ్మ, మోగలేదా అని అడిగింది. మోగలేదు అంది రంజిత. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది. అప్పుడు రంజిత మణికట్టు పట్టుకుని లేపింది. ముసలిచెయ్యి అయినా ఆ పట్టు ఇనుప పట్టే.

“ఇరవై ఇండ్లోళ్ళు నాకు చెవుడన్నారు. రా, అందరికీ చెప్పు.”

ఇంటింటికీ తిప్పింది. ప్రతి వాకిట్లో నిలబెట్టి, చెప్పు అంది. మొదటి ఇంట్లో రంజిత ఏడుస్తూ చెప్పింది. ఐదో ఇంటికి ఏడుపు రాలేదు. పదో ఇంటికి ఆ మాటలు తనవి కావేమో, ఎవరో తన నోట పలికిస్తున్నారేమో అనిపించింది. కొందరు తిట్టారు, కొందరు దొడ్డమ్మ మొహం చూడలేక తల దించుకున్నారు. అయినా ఆమె ఆగలేదు, పక్క ఇంటికి నడిపించింది.

అన్నిటికంటే చివర మునిరాజు ఇల్లు. వాడు కొడవలి చేత పట్టుకుని చేనికి బయలుదేరుతున్నాడు. రంజిత చెప్పింది విన్నాడు. కొడవలి కింద పెట్టి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాలు పట్టుకున్నాడు. దొడ్డమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. అప్పటికి గానీ రంజిత మణికట్టు వదల్లేదు.

రంజిత వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. వెనక నుంచి దొడ్డమ్మ పిలిచింది. ఈసారి గుసగుస కాదు, పెద్ద గొంతే.

“ఆయన్ను ఏనుగు చంపింది తల్లీ. రాతలో తప్పు ఎవురికైనా వస్తుంది, దానికి నిన్నేమీ అనను. ఈ పదినెలలూ నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని రోజూ చస్తా బతికినానే, అది మాత్రం ఏనుగు చెయ్యలేదు. నువ్వు చేసినావు.”