మందంగా తీసిన తొక్క

అనాస తొక్క మందంగా తీయడం పనితనం కాదు. దీవిలో సిప్పీఘాట్ దగ్గరి జామ్ షెడ్డులో కత్తి పట్టిన మొదటిరోజే ఆ మాట చెబుతారు. అయినా గవరమ్మ మొగుడు యర్రయ్య పోయినప్పటినుంచి అక్కడి ఆడవాళ్ళందరూ కూడబలుక్కున్నట్టు పనితనం మరిచిపోయారు. సూపర్‌వైజరు తిట్టినా వినిపించుకోలేదు. రోజూ గవరమ్మ బుట్టతో వచ్చి పట్టుకెళ్ళే ఆ తొక్కలన్నీ ఆవిడ పందులకే మరి.

ఎదురుగా ఇస్తే ఆవిడ పుచ్చుకోదు. మొగుడి దినాలకని తెచ్చిన బియ్యం మూటనే గుమ్మంలోంచి వెనక్కి పంపిన మనిషి. రోషం అనండి, తిక్క అనండి, మీ ఇష్టం.

యర్రయ్య ఫెర్రీ బోటులో ఇంజను పని చేసేవాడు. నికోబారీ స్నేహితుడొకడు ఇచ్చిన మూడు నల్ల పందిపిల్లల్ని ముచ్చటపడి తెచ్చుకున్నాడు. అవి దొడ్డికి అలవాటు పడకముందే గుండె ఆగి ఫీనిక్స్ బే జెట్టీ మీద కూలిపోయాడు. విజయనగరం నుంచి మరిది, "వచ్చెయ్ వదినా, మా ఇంట్లో ఓ మూల పడుందువుగాని" అని ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆ మూల ఎలాంటిదో గవరమ్మకు తెలుసు. పందులు ఎదిగి క్రిస్మస్‌కి రాంచీ నుంచి వలసొచ్చిన క్రైస్తవుల బస్తీలో అమ్ముడైతే, మళ్ళీ పిల్లల్ని తెచ్చుకుని పుట్టిన దీవిలోనే బతకొచ్చు. అంతకుమించి ఆవిడకు వేరే ఆధారం లేదు.

బుట్ట దించినప్పుడల్లా తొక్కకు వేలెడు మందాన పండు అంటుకుని ఉండేది. గవరమ్మకు సంగతి అర్థమైంది. పందులకు పెట్టేది తనకు పెట్టినట్టు కాదులే అని సర్దిచెప్పుకుంది. పందులు ఆ తీపి మరిగి తౌడు ముట్టడం మానేశాయి. తిననిదాన్ని కలపడం ఎందుకని ఆవిడా మానేసింది.

ఆ ఉక్కకు గుజ్జు సాయంత్రానికల్లా పొంగి కల్లు వాసన కొట్టేది. పందులకు పారుడు పట్టుకుంది. వాటిలో పెద్దది, యర్రయ్య ఒళ్ళో పడుకోబెట్టుకున్నది, ఒకనాటి ఉదయం కాళ్ళు చాపేసింది.

పశువుల డాక్టరు వచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూశాడు. "ఇది తొక్క కాదమ్మా, పండే. ఎదిగే పందికి పులిసిన తీపి ఒక్కటే పెడితే కడుపు చెడదా? పల్చటి తొక్క తెచ్చి, ఏరోజుది ఆరోజే, తౌడులో కాస్త కలిపి పెట్టండి. ఈ రెండూ దక్కుతాయి" అని మందు వేసి వెళ్ళాడు.

ఆ పంది కోసం గవరమ్మ మొగుడు పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చింది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మీ ప్రేమే నా పందిని చంపిందని ఏ నోటితో చెప్పడం? చెప్పకుండా తెచ్చి పారబోద్దామంటే, తిట్లు తిని పెట్టినవాళ్ళ తిండిని మట్టిపాలు చేయడానికి మనసొప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు గవరమ్మ షెడ్డుకు వెళ్ళేసరికి కాసులమ్మ కత్తి ఎప్పటిలాగే పండులోకి లోతుగా దిగింది. బల్ల దగ్గర అందరికంటే పెద్దది ఆవిడే.

"క్యా హువా గవరమ్మా, కళ్ళు అలా వాచిపోనాయేటి?"

గవరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "పెద్ద పంది సచ్చిపోనాది దీదీ. తీపి ఎక్కువైపోనాదని డాక్టర్ సాబ్ సెప్పినాడు. తౌడు మానీసినాను, తప్పు నాదే. ఇకనించి పల్చగా తియ్యండి, మీకు దండవెడతాను."

బల్ల చుట్టూ కత్తులన్నీ ఆగిపోయాయి. కాసులమ్మ తన చేతిలోని తొక్కకేసి చూసుకుంది.

"అయితే మేవే సంపీసినామా?" అంది. "నీకేటిచ్చినా తీసుకోవు గదే. మరింకెలా పెట్టీది?"

గవరమ్మ బల్ల పక్కన కూలబడి, ఎన్నడూ ఎవరి ముందూ చాపని చెయ్యి చాపింది.

"నాకెట్టు దీదీ. పందికి కాదు, నాకే. నిన్నటి నించి ఏటీ తిన్లేదు."

కాసులమ్మ పండు నడిమధ్యన ముక్క కోసి ఆ అరచేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగానే గవరమ్మ తిన్నది. రసం మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు. కాసులమ్మ పైటతో కళ్ళు ఒత్తుకుని ఇంకో అనాస అందుకుంది. ఈసారి తొక్క పల్చగా తీసింది.