వేళ్ళగోడ

గాలివానకు అడవి నడిమధ్య మహావృక్షం ఒకటి కూలింది. పడుతూ పడుతూ మరో నాలుగింటిని వెంటబెట్టుకుపోవడంతో, పందిరికి చిల్లు పడ్డట్టు ఆకాశం కనిపించింది. ఇన్నాళ్ళూ నీడలో ముడుచుకున్న మొక్కలకు ఒక్కసారిగా ఎండ దొరికింది. వాటిలో ఏది ముందు ఎగబాకుతుందో లెక్క రాయడం ఆమె ఉద్యోగం. దుంగలు కోసి దారి తెరవడం ఆమె మేనమామ పని.

"చెట్టు పడితే లోకమంతా అయ్యో అంటుంది, నువ్వు పుస్తకం తీస్తావు" అన్నాడు మామయ్య.

"నువ్వు రంపం తియ్యట్లేదా?" అందామె.

చెట్టు వేళ్ళతో సహా పెకలించుకుని పడింది. మట్టి పట్టిన వేళ్ళు రెండు నిలువుల ఎత్తున గోడలా నిలబడ్డాయి. వాటి వెనక లోతైన గొయ్యి. కొన్ని విత్తనాలు అలాంటి కొత్త మట్టిలోనే మొలుస్తాయి. అందుకే ఆమె అందులోకి దిగింది. దిగుతున్నానని చెప్పలేదు. మామయ్య కొమ్మల వైపు నుంచి మొదలుపెడతాడనుకుంది.

ఆయన మొదలు దగ్గరే మొదలుపెట్టాడు. ఆమె మొలకలు లెక్కపెడుతుంటే మెడ మీద మట్టి రాలింది. తలెత్తింది. వేళ్ళగోడ బెత్తెడు కదిలింది.

అప్పుడర్థమైంది. మాను బరువే ఆ గోడను ఎత్తిపట్టింది. మాను తెగితే అది గోతికి మూతలా తన మీదే పడుతుంది.

"మామయ్యా, ఆపు." మోటారు రంపం మోతలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గట్టు పట్టుకుంటే తడిమట్టి ఊడి చేతిలోకొచ్చింది. రెండోసారీ జారింది. చెట్టు వేళ్ళు పటపటా తెగుతున్నాయి. పక్కకు పాకి, మట్టిలోంచి పొడుచుకొచ్చిన ఒక వేరును దొరకబుచ్చుకుని, గట్టు మీదికి బోర్లా పడి దొర్లింది. వెనక నేల అదిరింది. గొయ్యి లేదు. మోడు, అసలెప్పుడూ పడనట్టే, నిటారుగా నిలబడింది.

రంపం ఆపి, చూడ్డానికి ఇటు తిరిగొచ్చిన మామయ్య మట్టికొట్టుకున్న మేనకోడల్ని చూసి ఆగిపోయాడు. ఆమె కాలికి ఒక బూటు లేదు.

"ఎక్కడున్నావే ఇప్పటిదాకా?"

"అందులో."

ఆయన అక్కడికక్కడే కూలబడ్డాడు. "అక్కకి ఏ ముఖం చూపించేవాణ్ణే?"

"చెప్పకుండా దిగింది నేనే కదా."

"చూడకుండా కోసింది నేను."

మూడు వారాలు ఆమె అడవి ముఖం చూడలేదు. తర్వాత వెళ్ళింది. మామయ్య ఆమెను కళ్ళెదుట నిలబెట్టుకుంటేగాని రంపం ముట్టేవాడు కాదు. చుట్టూ మొక్కలు మోకాలెత్తు లేచాయి, అన్నీ లెక్కపెట్టింది. గోతుల్లోకి మాత్రం మళ్ళీ దిగలేదు. పుస్తకంలో గోతుల మొలకల గడిలో 'చూడలేదు' అని రాసి, పైవాళ్ళ చేత మాటలు పడేది.