కదలని బొమ్మ

వైర్ల బాబాయి బల్ల కింద దూరి మోడెం తీగ పీకి మళ్ళీ గుచ్చుతున్నాడు. ఆ వీధిలో ఇరవై రెండేళ్ళుగా ఆయనకు వేరే పేరు లేదు. నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటరూ, నడుంనొప్పీ ఆయన సంపాదన. ఎవరెవరినో వాళ్ళవాళ్ళతో కలిపాడు గానీ, తాను ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. తలుచుకుంటే బాధే, అందుకే తలుచుకోడు.

"తమ్ముడూ, మళ్ళీ ఆగిపోయింది!" అంది మూడో కంప్యూటర్ ముందున్న దర్జీ అక్క.

తెరమీద ఆమె చెల్లెలు, దూరపు ఊళ్ళో ఆసుపత్రి మంచం మీద. ఈ పూట దాటడం కష్టమన్నారట డాక్టర్లు. అక్క ఇప్పుడు బస్సెక్కినా రేపటికి గానీ చేరుకోలేదు. చెల్లెలి కూతురు అక్కడ ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడింది. సగం తెరిచిన నోటితో చెల్లెలి మొహం బిగుసుకుపోయి ఉంది. కునుకో, కాదో తెలియడం లేదు.

బాబాయి ఇలాంటివి ఎన్ని చూశాడు! ఈ మెసెంజర్లో బొమ్మ నిగనిగలాడుతుంది, కానీ నత్తనడక. ఇంకోదాంట్లో మసక, కానీ ఆగదు.

"ఇది కట్ చేసి దాంట్లోకి వెళ్దామక్కా. ఐదు నిమిషాలు."

"ఈలోపు ఏమైనా అయితే?"

"ఇట్లా ఉంటే అయినా తెలీదు కదా."

కట్ చేశాడు. అవతలి పిల్ల ఆ రెండోదాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకునేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. దర్జీ అక్క గడియారం వైపు చూడ్డం మానేసింది. తీరా కలిస్తే మళ్ళీ అదే బిగుసుకున్న మొహం. పిల్ల మాట మాత్రం ఎక్కడా తెగకుండా వస్తోంది.

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. మాట తెగడం లేదంటే లైను బాగానే ఉంది. గది చీకటి! చీకట్లో కెమెరా ఒక్కో బొమ్మకీ వెలుతురు పోగేసుకుంటూ కూర్చుంటుంది, చూసేవాళ్ళకి ఆగిపోయినట్టే ఉంటుంది. పని నేర్చిన మొదటి రోజు తెలుసుకున్న సంగతి అది.

"అమ్మాయ్, కిటికీ తెర తియ్యి."

"అమ్మకి కళ్ళు మండుతాయని వేశానంకుల్."

"కాస్త తియ్యమ్మా."

వెలుతురు పడింది. బొమ్మ కదిలింది. చెల్లెలి ఛాతీ లేస్తోంది, పడుతోంది.

"ఏమే, నా కత్తెర పట్టుకెళ్ళి పదేళ్ళయింది. ఎప్పుడిస్తావ్?" అని కసిరింది దర్జీ అక్క. చెల్లెలి పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వే అది.

కాసేపటికి దర్జీ అక్క నెమ్మదిగా అంది, "మళ్ళీ ఆగిపోయింది తమ్ముడూ."

మంచం వెనక కిటికీ తెర గాలికి ఊగుతూనే ఉంది.

"ఆగలేదక్కా," అన్నాడు బాబాయి. ఆ పదకొండు నిమిషాలూ తినేసింది తానే.

ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కీబోర్డు మీద ఆమె కళ్ళజోడు ఉండిపోయింది, అద్దాల మీద తడి ఇంకా ఆరకుండానే.